సొంత దోష రకాలు

గత భాగంలో 'త్రో', 'క్యాచ్' గురించి తెలుసుకున్నారు. ఇప్పుడు ఒక పరీక్ష ఫీజు దరఖాస్తును ఊహించండి. వయస్సు తప్పుగా నింపడం ఒక దోషం. డబ్బు కట్టాక జవాబు రాకపోవడం మరొకటి. రెండింటికీ "మళ్లీ ప్రయత్నించండి" అని చూపితే రెండో అభ్యర్థి రెండుసార్లు ఫీజు కడతాడు!

అందుకే జావాస్క్రిప్టులో 'ఎర్రర్' క్లాసును 'ఎక్స్‌టెండ్స్'తో విస్తరించి 'చెల్లింపుదోషం' అనే క్లాసు రాయండి. (ఈ సౌకర్యం 2015 ప్రమాణంతో వచ్చింది.) కన్‌స్ట్రక్టర్‌లో మొదట 'సూపర్'కు సందేశం అందించాలి, అంతకుముందే 'దిస్' వాడితే రిఫరెన్స్ ఎర్రర్ వస్తుంది. తరువాత 'నేమ్' మార్చండి, లేకుంటే అది 'ఎర్రర్' గానే ఉంటుంది. లావాదేవీ సంఖ్యను కూడా ఇందులోనే ఉంచవచ్చు. క్యాచ్‌లో 'ఇన్‌స్టాన్సాఫ్'తో రకాన్ని పరీక్షించండి. మీరు ఎదురుచూడని రకమైతే మింగేయకండి, తిరిగి త్రో చేయండి.

పాఠగత ప్రశ్న: 'వయస్సుదోషం'లో మీరు ఏ అదనపు వివరం ఉంచుతారు?