ఎముకల సెలైన్: భయపడకండి, దాచకండి



రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న సహోదరీలలో కొందరికి డాక్టరు గారు కీమోథెరపీ గాని, హార్మోను మాత్రలు గాని ఇస్తూనే, ఎముకల బలానికి మరో మందును నరం ద్వారా ఎక్కిస్తారు. ఎక్కువగా వాడే మందు పేరు జోలెడ్రోనిక్ యాసిడ్. మన వార్డులో దానిని అందరూ "ఎముకల సెలైన్" అంటారు. ఈ మందు గురించి అడగవలసినవి చాలామంది అడగరు, చెప్పవలసినవి చెప్పరు. అందుకే ఈ నెల ఈ పాఠం.

ఒక సహోదరి అనుభవం

కొన్ని సంవత్సరాల క్రితం ఒక తల్లికి క్యాన్సర్ ఎముకలకు పాకింది. నెలకొకసారి ఈ సెలైన్ పెట్టాలని డాక్టరు గారు రాశారు. మొదటిసారి ఎక్కించుకుని బాగానే ఇంటికి వెళ్ళారు. ఆ రాత్రి చలి, జ్వరం, చికున్‌గున్యా వచ్చినట్టు ఒళ్ళంతా నొప్పులు. మూడో రోజుకు తగ్గిపోయాయి. కానీ "ఈ మందు నాకు పడలేదు" అని ఆమె మనసులో నిశ్చయించుకున్నారు. పిల్లలను కంగారుపెట్టడం ఎందుకని ఎవరికీ చెప్పలేదు. తర్వాత మూడు నెలలు రాలేదు. నాలుగో నెల నడుము పట్టుకుని వచ్చారు. ఎక్స్‌రేలో వెన్నుపూస ఒకటి నొక్కుకుపోయి కనిపించింది.

మందు మానకుండా ఉంటే అలా జరిగేది కాదని నేను ఖచ్చితంగా చెప్పలేను. కానీ ఆ మూడు నెలలు ఆమె ఎముకలకు అందవలసిన సహాయం అందలేదు. ఇందులో నా తప్పు కూడా ఉంది. ఆ రోజు "జ్వరం వస్తే మాత్ర వేయండి" అని బిల్లు కడుతున్న కుమారుడితో హడావుడిగా చెప్పి పంపించాను. ఆమె పక్కన కూర్చుని చెప్పలేదు. అప్పటినుండి నరం సూది తీయక ముందే రోగికీ, తోడు వచ్చినవారికీ ఇద్దరికీ చెబుతున్నాము. ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ఈ మందు ఏమి చేస్తుంది?

మన ఎముక రాయి కాదు. ప్రతిరోజూ కొంత పాత ఎముక కరుగుతుంది, ఆ చోట కొత్త ఎముక కడుతుంది. పాత గోడ విప్పే కూలీలు, కొత్త గోడ కట్టే మేస్త్రీలు కలిసి పని చేస్తున్నారనుకోండి. క్యాన్సర్ కణాలు ఎముకలో చేరితే విప్పే కూలీలను తొందరపెడతాయి. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ వంటి మాత్రలు ఒంట్లో ఈస్ట్రోజన్‌ను తగ్గిస్తాయి గనుక అప్పుడు కూడా విప్పే పని ఎక్కువవుతుంది. ఈ సెలైన్ ఆ కూలీల చేతిని నెమ్మదింపజేస్తుంది. ఎముక విరగడం తగ్గుతుంది, నొప్పి కూడా కొంత తగ్గవచ్చు. ఇది కీమో కాదు, దీనివలన జుట్టు ఊడదు.

ఈ మందు రాసినంత మాత్రాన "వ్యాధి ఎముకలకు పాకింది కాబోలు" అని భయపడవద్దు. నెలసరి ఆగిపోయిన స్త్రీలలో, వ్యాధి ఎముకలకు తిరిగి రాకుండా ముందుజాగ్రత్తగా కూడా ఇస్తారు. అలా ఇవ్వడం మేలు చేస్తుందని 2015లో ప్రచురించిన పెద్ద పరిశీలనలో తేలింది. ముందుజాగ్రత్తగా ఇచ్చేటప్పుడు సాధారణంగా 6 నెలలకొకసారి, ఎముకలకు పాకినవారికి 3-4 వారాలకు లేదా 12 వారాలకొకసారి ఇస్తారు. మీకు ఎందుకు ఇస్తున్నారో, ఎన్నిసార్లో డాక్టరు గారిని అడగండి. అడగడం తప్పు కాదు.

వచ్చే రోజు

ప్రతిసారీ ముందుగా రక్తపరీక్ష చేస్తాము. క్రియాటినిన్ చూసి మూత్రపిండాలు ఎలా ఉన్నాయో తెలుసుకుని డాక్టరు గారు మోతాదు నిర్ణయిస్తారు. కాల్షియం కూడా చూస్తారు. ఈ పరీక్ష మానవద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి వేసుకుంటూ ఉంటే ఆ సంగతి చెప్పండి. అవి మూత్రపిండాలకు భారం.

మందు ఎక్కడానికి కనీసం 15 నిమిషాలు పడుతుంది. త్వరగా ఎక్కించమని సిస్టరును తొందరపెట్టవద్దు. ఆ నిదానం మీ మూత్రపిండాల కోసమే.

ముఖ్యంగా సంఘ సహోదరీలకు ఒక మాట. శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉందనో, లెంటు దినాలనో కొందరు నీళ్ళు కూడా తాగకుండా వస్తున్నారు. ఈ మందుకు కడుపు ఖాళీగా ఉండనవసరం లేదు. ఒంట్లో నీరు తక్కువగా ఉన్నప్పుడు ఎక్కిస్తే మూత్రపిండాలకు హాని. టిఫిను తిని, రెండు గ్లాసుల నీళ్ళు తాగి రండి. గుండె జబ్బుకో, మూత్రపిండాల జబ్బుకో నీళ్ళు తగ్గించమన్నవారు మాత్రం డాక్టరు గారు చెప్పిన కొలతే పాటించండి. ఉపవాసం మరో దినాన ఉండవచ్చు. మీ పాస్టరు గారిని అడిగినా ఇదే చెబుతారు.

ఇంటికి వెళ్ళాక వచ్చే జ్వరం

మొదటిసారి ఎక్కించిన తర్వాత సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో జ్వరం, చలి, ఒళ్ళునొప్పులు, తలనొప్పి రావచ్చు. రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి. మందు పడలేదని దీని అర్థం కాదు. రెండోసారి నుండి చాలామందికి తక్కువగా ఉంటుంది, లేదా అసలు రాదు. డాక్టరు గారు రాసిన ప్రకారం పారాసిటమాల్ వేసుకుని, నీళ్ళు, మజ్జిగ తాగి విశ్రాంతి తీసుకోండి. ఆదివారం ఆరాధన, పెళ్ళి ప్రయాణాలు ఉంటే మొదటి సెలైన్‌కు ముందే చెప్పండి. దానిని బట్టి రోజు చూసుకుందాము.

అయితే జాగ్రత్త! మీకు కీమో కూడా జరుగుతుంటే, ప్రతి జ్వరమూ ఈ మందు వలనే అనుకోకూడదు. కీమో వలన తెల్లకణాలు తగ్గినప్పుడు వచ్చే జ్వరం ప్రాణం మీదకు తెస్తుంది. థర్మామీటరు ఇంట్లో ఉంచుకోండి. 100.4 డిగ్రీలు గాని, అంతకు మించి గాని ఉంటే మాత్ర వేసుకుని పడుకోక, రాత్రయినా సరే ముందు ఆసుపత్రికి ఫోను చేయండి, బయలుదేరండి.

పళ్ళ సంగతి

సెలైన్ మొదలుపెట్టక ముందే పళ్ళ డాక్టరుకు చూపించుకోండి. తీయవలసిన పన్ను ఉంటే ముందే తీయించి, పుండు మానాక మొదలుపెడతారు. ఈ మందు వాడుతున్నవారిలో కొద్దిమందికి పన్ను తీసిన చోట దవడ ఎముక మానక బయటపడుతుంది. ఈ సంగతి 2003 నుండి వైద్యులకు తెలుసు. కాబట్టి ఊళ్ళో ఎవరితోనూ పన్ను పీకించుకోవద్దు. నొప్పి ఉంటే ఓర్చుకోనూ వద్దు. పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళి "నేను ఎముకల సెలైన్ ఎక్కించుకుంటున్నాను" అని మొదటి మాటగా చెప్పండి. రోజుకు రెండుసార్లు మెత్తని బ్రష్షుతో తోముకోండి. పొగాకు, గుట్కా మానండి. కట్టుడు పళ్ళు ఒరుసుకుంటుంటే సరిచేయించుకోండి.

కాల్షియం మానవద్దు

ఈ మందుతో రక్తంలో కాల్షియం తగ్గవచ్చు. అందుకే కాల్షియం, విటమిన్ డి మాత్రలు ఇస్తారు. ఐరన్, థైరాయిడ్ మాత్రలు వాడుతుంటే వాటితో కలిపి ఒకేసారి వేసుకోవద్దు, కొన్ని గంటల ఎడం ఉంచండి. రాగి జావ, పాలు, పెరుగు, నువ్వులు, మునగాకు మంచివి. అయితే ఇవి తింటున్నామని మాత్రలు మానకూడదు.

వెంటనే చెప్పవలసినవి

1. పెదవుల చుట్టూ, వేళ్ళలో తిమ్మిరి, కండరాలు పట్టుకుపోవడం.
2. దవడలో నొప్పి, వాపు, పన్ను కదలడం, నోటిలో మానని పుండు.
3. తొడలో గాని, గజ్జల్లో గాని కొత్తగా నొప్పి.
4. కన్ను ఎర్రబడి నొప్పి, చూపు మసకబారడం.
5. మూత్రం బాగా తగ్గిపోవడం.
6. కొత్తగా నడుము నొప్పితో పాటు కాళ్ళలో బలం తగ్గడం, మలమూత్రాల మీద అదుపు తప్పడం. ఇది అత్యవసరం, గంటలు కూడా ఆలస్యం చేయరాదు.

కొందరికి దీనికి బదులు డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్ చర్మం కింద ఇస్తారు. పళ్ళ జాగ్రత్త, కాల్షియం జాగ్రత్త దానికీ ఉన్నాయి. డాక్టరును అడగకుండా దానిని ఆపకూడదు, తేదీ దాటనీయకూడదు.

ఇంటివారికి

మన తల్లులు నొప్పిని దాచడం ఓర్పు అనుకుంటారు. "ఎలా ఉన్నావమ్మా?" అంటే "బాగానే ఉన్నాను" అంటారు. కాబట్టి సెలైన్ ఎక్కించిన రాత్రి ఒళ్ళు తాకి చూడండి, థర్మామీటరు పెట్టండి. తర్వాతి తేదీని ఇంట్లో క్యాలెండరు మీద రాసి పెట్టండి.

నేను చెప్పిన ఆ తల్లి మళ్ళీ సెలైన్ మొదలుపెట్టారు. రెండోసారి ఒక రోజు ఒళ్ళు నొప్పులు తప్ప ఏమీ రాలేదు. "ఇంతేనా సిస్టర్, ఈ మాట ముందే చెప్పకూడదా!" అన్నారు. ఆ మాట నేను మరచిపోలేదు. మీరు దేవునితో చెప్పుకునే బాధను మాతో కూడా చెప్పండి. వినడానికే ప్రభువు మమ్మల్ని ఇక్కడ ఉంచాడు.

ప్రభువు మీకు తోడై యుండును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్