వింటర్ అంటే స్నోమ్యానేనా?



గత డిసెంబరులో రెండో తరగతి పిల్లలను ‘వింటర్’ బొమ్మ గీయమన్నాను. చాలామంది స్నోమ్యాన్‌ను గీశారు. ఒక పాప మాత్రం శాలువా కప్పుకుని చలి కాచుకుంటున్న నాయనమ్మను గీసింది. పక్కవాళ్ల బొమ్మలు చూసి, తన బొమ్మను రబ్బరుతో చెరపడం మొదలుపెట్టింది. “ఎందుకమ్మా?” అంటే, “స్నో లేదు కదా మేడమ్, తప్పు కదా” అంది. క్లాసు గోడకు స్నో ఉన్న చార్టు అంటించింది నేనే! పాప కళ్లారా చూసింది తప్పని, ఎప్పుడూ చూడనిది ఒప్పని నా చార్టే నేర్పింది.

ఇంగ్లిష్ రైమ్స్‌లో, కార్టూన్లలో కనిపించే స్ప్రింగ్, సమ్మర్, ఆటమ్, వింటర్ అనే నాలుగు కాలాలు యూరప్ వంటి చల్లటి ప్రాంతాలవి. మనకు ముఖ్యంగా ఎండాకాలం, వానాకాలం, చలికాలం. మన పంచాంగంలోనేమో రెండు నెలలకొకటి చొప్పున వసంతం నుంచి శిశిరం వరకు ఆరు రుతువులు. ఇవేవీ తప్పు కాదు. ఏ ప్రాంతం గురించి మాట్లాడుతున్నామో పిల్లలకు తెలిస్తే చాలు. పరీక్షలో కూడా ప్రశ్న ఏ ప్రాంతం గురించో చూసి రాయమని చెబుతున్నాం.

వెదర్, సీజన్ ఒకటేనా అని పిల్లలు అడుగుతారు. ఈ రోజు గొడుగు తీసుకెళ్లాలా అన్నది వెదర్. బీరువాలోంచి స్వెటర్లు ఏ నెలలో తీయాలి అన్నది సీజన్.

‘ఎండాకాలంలో సూర్యుడు దగ్గరకొస్తాడు’ అని మాత్రం చెప్పకండి. నిజానికి భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, మన చలికాలంలోనే. భూమి సుమారు 23.5 డిగ్రీలు వంగి తిరగడమే కాలాల మార్పుకు కారణం. రాత్రి లైటు ఆపి, టార్చ్‌ను గోడకు నేరుగా ఒకసారి, ఏటవాలుగా ఒకసారి వేయండి. ఏటవాలు వెలుగు ఎక్కువ చోటు పరుచుకుని పలచబడుతుంది. చలికాలపు ఎండ అంతే.

ఇది జూన్ నెల. నైరుతి రుతుపవనాలు సాధారణంగా 1వ తేదీ ప్రాంతంలో కేరళను తాకి, తర్వాత మన దగ్గరకు వస్తాయి. నెల్లూరు వైపు మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలే ఎక్కువ. అక్కడ చుట్టాలుంటే ఫోన్ చేసి, ‘మీకు వాన పడుతోందా?’ అని పిల్లలచేతే అడిగించండి.

ఇంట్లో చేయించాల్సిన పని ఒకటి. నిటారుగా ఉండే ప్లాస్టిక్ బాటిల్ పైభాగం కోసి, దాన్నే గరాటులా తలకిందులుగా పెట్టండి. కోయడం పెద్దవాళ్లే చేయాలి. అడుగున గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత గీయండి. డాబా మీద గోడలకు దూరంగా ఉంచి, రోజూ ఒకే సమయానికి స్కేలుతో కొలిపించండి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీళ్లు. 100 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్లు పడితే 1,000 లీటర్లు! ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఇళ్లలో ఈ లెక్క పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

కొలత పక్కన ఆ రోజు తాము చూసినది చిన్న బొమ్మగా గీయమనండి. వంకరగా వచ్చినా ఫరవాలేదు, దయచేసి మీరు గీసి ఇవ్వవద్దు. నాయనమ్మ బొమ్మను ఆ పాపచేత మళ్లీ గీయించి, నా చార్టు పక్కనే అంటించాను. ఈసారి ఆ గోడకు మీ పిల్లల వాన బొమ్మలు కావాలి.