రెండో బాణం

ధమ్మమిత్రమా, రిపోర్టులో హెచ్‌ఐవి అని చూసి, శాంతిపురంలో ఎవరికి తెలిసిపోతుందోనని ఆ కాగితం దాచేశారా? జబ్బు మొదటి బాణం. "ఇక నా బతుకింతే" అని మనసు తనకు తానే గుచ్చుకునేది రెండో బాణం. దాన్ని తప్పించుకోవచ్చని సల్ల సుత్తం బోధ.

ముందు 1097కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు. ప్రభుత్వాసుపత్రి ఐసీటీసీలో కౌన్సెలర్‌ను కలవండి. ఏఆర్‌టీ కేంద్రానికి పంపుతారు, అక్కడ మందులు ఉచితం. రోజూ తప్పక వేసుకుని, పరీక్షలో వైరస్ కనబడని స్థాయికి తగ్గి అలాగే నిలిస్తే, లైంగిక సంబంధం ద్వారా మీ నుంచి భాగస్వామికి సోకదు. హెచ్‌ఐవి ఉందని వివక్ష చూపడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది.

ఇరుగుపొరుగుకూ ఒక మాట. ఎవరూ పట్టించుకోని రోగి భిక్షువును బుద్ధుడు, ఆనందుడు స్వయంగా కడిగి పడుకోబెట్టారని వినయపిటకం చెబుతోంది. మీరు ఆసుపత్రి దాకా తోడు వెళ్లండి, చాలు. అదే కరుణ.