మత్తు మానినవారికి నొప్పి వస్తే?

నొప్పి అంటే శరీరం మనకు చేసే హెచ్చరిక. పన్ను నొప్పి కావచ్చు, ఎముక విరిగిన నొప్పి కావచ్చు, అది రాని మనిషి ఉండడు. కాని మత్తునిచ్చే నొప్పి మందులకు ఒకప్పుడు బానిసై, కష్టపడి మానుకున్నవారికి నొప్పి వస్తే గోరుచుట్టుపై రోకటిపోటే. మందు వేసుకుంటే పాత అలవాటు తిరగబెడుతుందేమోనని భయం. వేసుకోకపోతే బాధ. నోరు తెరిచి అడిగితే "మత్తు కోసమే అడుగుతున్నాడు" అనే మాట పడాలి. ఇలాంటివారికి నొప్పి తగ్గించే సురక్షితమైన మార్గం ఉందా? ఉంది. దానిని తెలుసుకుందాం.

ఈ మందులు ఏమిటి?

గసగసాల మొక్క కాయను గీస్తే కారే పాలు ఎండి నల్లమందు అవుతుంది. అందులో ఉండే మార్ఫిన్, దాని జాతికి చెందిన కోడీన్, హెరాయిన్, ట్రమడాల్, పెంటజోసిన్, ఫెంటనిల్ వంటివాటిని ఓపియాయిడ్లు అంటారు. హెరాయిన్‌ను 1898లో బేయర్ కంపెనీ దగ్గు మందుగా అమ్మిందంటే నేడు ఆశ్చర్యంగా ఉంటుంది. అయితే ఓపియాయిడ్లన్నీ చెడ్డవి కావు. క్యాన్సర్ రోగికి, పెద్ద ఆపరేషన్ అయినవారికి మార్ఫిన్ వరం వంటిది. మన దేశంలో సుమారు 2.26 కోట్ల మంది ఓపియాయిడ్లు వాడుతున్నట్లు కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ 2019లో ప్రకటించిన సర్వే తెలిపింది.

శరీరంలో ఏం జరుగుతుంది?

మన మెదడులో కొన్ని తాళాలు ఉన్నాయనుకుంటే, ఓపియాయిడ్లు వాటికి సరిపోయే తాళంచెవులు. తాళం తెరుచుకుంటే నొప్పి తగ్గుతుంది, హాయిగా ఉంటుంది, కాని శ్వాస కూడా నెమ్మదిస్తుంది. రోజూ వాడితే శరీరం అలవాటుపడి ఇంకా ఎక్కువ మోతాదు అడుగుతుంది. చాలాకాలం వాడినవారిలో కొందరికి చిన్న నొప్పి కూడా పెద్దగా తెలుస్తుంది. కాబట్టి వారు "నాటకం ఆడుతున్నారు" అనుకోవడం తప్పు.

మానేసిన కొద్ది రోజుల నుంచి కొన్ని వారాలలోపే ఆ తట్టుకునే శక్తి పోతుంది. ఒకతను రోజుకు పది ట్రమడాల్ బిళ్లలు మింగేవాడు, మానేసి ఏడాదయింది అనుకుందాం. బండి మీద నుంచి పడి చేయి విరిగింది. నొప్పికి తాళలేక ఆ పది బిళ్లలే మళ్లీ మింగితే ఫిట్స్ రావచ్చు, శ్వాస ఆగిపోవచ్చు. ఒకప్పుడు తట్టుకున్న మోతాదే ఇప్పుడు ప్రాణం తీస్తుంది.

మూడు అపోహలు

1. "మానినవాడు నొప్పిని ఓర్చుకోవాలి." ఇది నిజం కాదు. తగ్గని నొప్పి నిద్రను పాడుచేసి, మళ్లీ మత్తు వైపు లాగుతుంది.

2. "ఒక్క బిళ్ల వేసుకున్నా మళ్లీ బానిస అవుతాడు." తప్పనిసరైనప్పుడు, డాక్టరు పర్యవేక్షణలో, కొద్ది రోజులకు ఇవ్వవచ్చు. ఒంటరిగా, దాచి వేసుకోవడమే ప్రమాదం.

3. "బుప్రెనార్ఫిన్ చికిత్సలో ఉన్నవాడికి వేరే నొప్పి మందు అక్కరలేదు." ఆ బిళ్ల మత్తు కోరికను రోజంతా ఆపుతుంది. కాని నొప్పిపై దాని ప్రభావం 6 నుంచి 8 గంటలే. నొప్పి వచ్చిందని దానిని సొంతంగా ఆపకూడదు. అదే మందును రోజుకు మూడు నాలుగు సార్లుగా విడగొట్టి ఇవ్వడమా, వేరే మందు కలపడమా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు.

పాటించవలసిన జాగ్రత్తలు

1. డాక్టరుకు ముందే చెప్పాలి. ఏ మందు వాడారు, ఎప్పుడు మానారు, ఇప్పుడు ఏ చికిత్సలో ఉన్నారు అన్నీ చెప్పాలి. నాల్‌ట్రెక్సోన్ బిళ్ల వాడేవారికి ఇది మరీ ముఖ్యం. అది మార్ఫిన్ వంటి మందులను పనిచేయనివ్వదు. పనిచేయలేదని మోతాదు పెంచుకుంటే ప్రాణాపాయం. ముందే నిర్ణయించిన ఆపరేషన్ అయితే డాక్టర్లు సుమారు మూడు రోజుల ముందు ఆ బిళ్ల ఆపిస్తారు.

2. మొదట మత్తు లేని మందులు. పారాసెటమాల్ పెద్దలకు 24 గంటలలో 4 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల బిళ్లలు ఎనిమిది దాటకూడదు. కాలేయ జబ్బు, మద్యం అలవాటు ఉన్నవారికి ఇంకా తక్కువే. జలుబు బిళ్లలలో కూడా ఇది ఉంటుంది, దానినీ లెక్కలో వేసుకోవాలి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ తిన్న తరువాతే వేసుకోవాలి. కడుపులో పుండు, కిడ్నీ, గుండె జబ్బులు ఉన్నవారు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. పన్ను తీయించుకున్నప్పుడు పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ కలిపి ఇస్తే చాలామందికి ఓపియాయిడ్ అవసరమే రాదు.

3. మందు కాని ఉపాయాలు. దెబ్బకు ఐస్, పట్టేసిన కండరానికి వేడి కాపడం, నడుము నొప్పికి ఫిజియోథెరపీ వ్యాయామాలు ఉపయోగపడతాయి. ఆపరేషన్ సమయంలో ఆ భాగం వరకే మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇవ్వమని అడగవచ్చు.

4. ఓపియాయిడ్ తప్పకపోతే ఒకే డాక్టరు రాయాలి, కొద్ది రోజులకే రాయాలి. బిళ్లలను ఇంట్లో నమ్మకమైనవారు దాచి, లెక్క ప్రకారం ఇవ్వాలి. మద్యం, నిద్ర మాత్రలు, ఆల్ప్రాజోలం వంటివి వాటితో కలపరాదు.

5. బిళ్లల అట్ట చదవాలి. ట్రమడాల్‌ను పారాసెటమాల్‌తో కలిపి చేసిన బిళ్లలు ఉన్నాయి. మామూలు నొప్పి బిళ్లేనని మింగితే తెలియకుండానే మత్తు మందు లోపలికి పోతుంది. కొన్ని దగ్గు సిరప్‌లలో కోడీన్ ఉంటుంది. ట్రమడాల్‌ను 2018లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. చీటీ లేకుండా అమ్మడం నేరం.

ప్రమాద సూచనలు

పిలిచినా లేవకపోవడం, శ్వాస బాగా నెమ్మదించడం, పెదవులు నీలంగా మారడం, కంటిపాప సూదిమొనంత కావడం కనిపిస్తే వెంటనే 108కు ఫోన్ చేయాలి. శ్వాస ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఏం వేసుకున్నాడో దాచకుండా చెప్పాలి. నలోక్సోన్ అనే విరుగుడు ఇంజెక్షన్ సమయానికి అందితే ప్రాణం నిలుస్తుంది.

మనం ఏం చేయగలం?

మిత్రులారా! మన ఇళ్లలో చాలావరకు రెక్కల కష్టమే ఆధారం. మూటలు మోసి, రాళ్లు కొట్టి, నాట్లు వేసి వచ్చినవారికి ఒళ్లు నొప్పులు రోజూ ఉండేవే. ఒకరోజు సెలవు పెడితే కూలి పోతుంది. అందుకే మెడికల్ షాపులో ఇచ్చిన బిళ్ల ఏదైనా మింగి మరునాడు పనికి వెళతారు. అలవాటు అలా కూడా మొదలవుతుంది. ఆ అట్టపై ఉన్న ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగింది ఇంట్లో చాలాసార్లు మనమొక్కరమే. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ అట్టలు చూడండి. ట్రమడాల్, కోడీన్ అన్న పేర్లు కనిపిస్తే ఇంట్లోవాళ్లకు చెప్పండి. రోజూ వాడుతున్నవారిచేత ఒక్కసారిగా మాన్పించకుండా డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి.

మన వీధిలో మత్తు మానినవారెవరైనా ఉంటే, జబ్బు చేసినప్పుడు వారి వెంట ఆసుపత్రికి వెళ్లండి. వారు సిగ్గుపడి చెప్పలేని మాటను, వారి అనుమతితో మనం డాక్టరుకు చెప్పవచ్చు. ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, మానసిక సహాయానికి టెలీ మానస్ 14416 నంబర్లు ఉచితం. ఈ రెండు నంబర్లను నోటుబుక్కులో రాసిపెట్టుకోండి.