హైలక్స్‌కు లిఫ్ట్, పెద్ద టైర్లు

ప్రశ్న: 17 అంగుళాల రిమ్ములున్న టయోటా హైలక్స్‌కు 285/70 ఆర్17 టైర్లు వేయాలంటే ఎంత లిఫ్ట్ అవసరం?

జవాబు: మొదట తేలవలసింది టైరు కొలత; లిఫ్ట్ దాని వెంట రావాలి. కంపెనీ అమర్చే 265/65 ఆర్17 టైరులో 265 మిల్లీమీటర్లలో వెడల్పును, 65 ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, 17 అంగుళాలలో రిమ్ము వ్యాసాన్ని తెలుపుతాయి కనుక, టైరు మొత్తం వ్యాసం సుమారు 776 మిల్లీమీటర్లు అవుతుంది. ప్రశ్నలోని టైరుకు అది 831.

సస్పెన్షన్ లిఫ్ట్, అంటే స్ప్రింగులు మార్చి చాసిస్‌ను ఇరుసుకన్నా పైకి జరపడం, వెనుక ఇరుసు నడుమ ఉండే డిఫరెన్షియల్‌ను నేల నుంచి ఏ మాత్రం పైకెత్తదు. ఆ పని టైరు వ్యాసార్ధం పెరిగినప్పుడే, ఇక్కడైతే 27 మిల్లీమీటర్ల మేరకే, జరుగుతుంది. అలంకరణ కోసం లిఫ్ట్ చేయించేవారు ఈ సంగతిని తరచు విస్మరిస్తారు. ముందువైపు సస్పెన్షన్ స్వతంత్రమైనది కావడం వల్ల, ఎత్తు 2 అంగుళాలు దాటితే చక్రాలకు శక్తినందించే షాఫ్టుల చివరనున్న సీవీ జాయింట్లు మరింత వాలుగా తిరిగి త్వరగా అరుగుతాయి. చక్రాల అలైన్‌మెంట్ కుదరడానికి పై కంట్రోల్ ఆర్మ్‌లను కూడా మార్చవలసి రావచ్చు.

ఈ టైరుకు 2 అంగుళాల లిఫ్ట్ ఉన్నా, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు మడ్‌గార్డు లైనరుకు రాపిడి తప్పకపోవచ్చు. పైగా స్పీడోమీటరు 100 చూపే చోట అసలు వేగం 107కు చేరుతుంది. బరువుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిను డీలాపడుతుంది. 803 మిల్లీమీటర్ల వ్యాసమున్న 265/70 ఆర్17 ఇంతకన్నా వివేకమైన ఎంపిక. వాహన తయారీ వివరాలకు విరుద్ధమైన మార్పులను 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నియంత్రిస్తుంది కనుక, ఖర్చు పెట్టకముందే రవాణా కార్యాలయంలోను, బీమా సంస్థలోను విచారించడం అవసరం.