విత్తనపు జాతిని గుర్తించుట ఎట్లు?

విత్తొకటి వేసిన చెట్టొకటి మొలవదని పెద్దలు చెప్పుదురు. కాని బస్తాపై ఒక పేరును, లోపల వేరొక వంగడమును ఉన్నచో రైతు చేయగలిగినదేమి? నారు పోసిననాడు ఆ తేడా తెలియదు. కంకి వెలువడిననాడు తెలియును. అప్పటికి సార్వా గడచిపోవును. కావున విత్తనపు జాతిని విత్తుటకు ముందే తెలిసికొను మార్గములను పంచాయతీ సభ్యులు ఎరిగియుండుట అవసరము.

మన ప్రాంతపు ఉదాహరణమునే తీసికొందము. స్వర్ణ (ఎం.టి.యు. 7029) అను వరి వంగడము పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధనా స్థానమునుండి 1982లో విడుదలైనది. ముంపును ఓర్చు ఒడిశా వరి రకము నుండి ఆ గుణమును స్వర్ణకు చేర్చి శాస్త్రజ్ఞులు స్వర్ణ-సబ్ 1ను రూపొందించిరి. అది 2009లో మన దేశమున విడుదలైనది. సుమారు రెండు వారములు నీట మునిగియున్నను అది తిరిగి కోలుకొనగలదు. తమ్మిలేరు, బుడమేరు పొంగి కొల్లేటి అంచు చేలు మునిగినపుడు ఈ రెండు వంగడముల భేదమే పంట దక్కుటకును, దక్కకపోవుటకును గల భేదము కావచ్చును.

ఈ రెండింటిని కంటితోనే కొంతవరకు గుర్తింపవచ్చును. స్వర్ణ పొట్టు బంగారు వన్నెది. సబ్ 1 పొట్టు గడ్డి వన్నెది. కాని గడ్డి వన్నె పొట్టు గల వంగడములు అనేకము కలవు. అచ్చట కంటిచూపు చాలదు. రసాయనము తోడు కావలెను.

మొదటిది ఫినాల్ పరీక్ష. ధాన్యమును ఒక రోజు నీట నానబెట్టి, నూటికి ఒక పాలు ఫినాల్ గల ద్రావణముతో తడిపిన కాగితముపై మరియొక రోజు ఉంచుదురు. గింజలోని ఒక ఎంజైము మూలమున కొన్ని వంగడముల పొట్టు నల్లబడును, కొన్నిటిది గోధుమ రంగు దాల్చును, కొన్నిటిది మారదు. నూరు గింజలు ఒకే వంగడమునకు చెందినవైనచో రంగు ఒకే తీరున నుండవలెను. పది గింజలు వేరుగా కనబడినచో కల్తీని అనుమానింపవలసినదే. ఫినాల్ చర్మమును కాల్చును గనుక ఈ పరీక్షను ప్రయోగశాలలోనే చేయవలెను.

రెండవది క్షార పరీక్ష. బియ్యపు గింజలను పలుచని పొటాషియం హైడ్రాక్సైడు ద్రావణములో 23 గంటలు ఉంచినచో కొన్ని వంగడముల గింజలు కరగి విచ్చిపోవును, కొన్నిటివి చెదరక నిలుచును.

మూడవది కాంతి పరీక్ష. కంటికి కనబడని పరారుణ కాంతిని గింజపై ప్రసరింపజేయగా, అందలి తేమ, మాంసకృత్తులు, పిండిపదార్థము వేరువేరు తరంగములను గ్రహించును. ఆ రేఖను తెలిసిన వంగడముల రేఖలతో పోల్చుదురు. గింజ చెడదు, తరువాత విత్తుకొనవచ్చును. అయితే తేమ మారినచో రేఖయు మారును.

ఒక విషయము మరువరాదు. ఈ పరీక్షలలో ఏ ఒక్కటియు "ఇది ఫలానా వంగడమే" అని తీర్పు చెప్పజాలదు; "ఇది అది కాదు" అని మాత్రము చెప్పగలదు. జాతిని రూఢిగా తేల్చునవి డి.ఎన్.ఏ. పరీక్షయు, పొలములో పెంచి చూచుటయు. అట్లే, నూటికి 80 మొలకెత్తవలెనను ధ్రువీకృత వరి విత్తనపు ప్రమాణము మొలకను గూర్చినదే గాని, జాతిని గూర్చినది కాదు. కల్తీ విత్తనము కూడ చక్కగా మొలకెత్తును.

పరీక్షింపవలెనన్న నమూనా ఉండవలెను. విత్తనమంతయు నారుమడిలో చల్లిన పిమ్మట ఫిర్యాదుకు ఆధారము మిగులదు. కావున రైతులు ధ్రువీకృత విత్తనపు నీలి చీటీని, రసీదును, సంచిని భద్రపరచునట్లును, ఇద్దరు సాక్షుల యెదుట 400 గ్రాముల విత్తనమును కట్టి, తేదీ వ్రాసి దాచునట్లును సభ్యులు చూడవలెను. అనుమానము కలిగినచో వెంటనే వ్యవసాయాధికారికి తెలుపవలెను. 1966 విత్తన చట్టము ప్రకారము నమూనా తీయు అధికారము విత్తన తనిఖీ అధికారికి కలదు.

సార్వాకు ముందు జరుగు గ్రామసభలో ఈ నాలుగు మాటలు చెప్పుటకు పది నిమిషములు చాలును. చెప్పనిచో కలుగు నష్టము ఒక పంటకాలమంత.