సూపర్‌చార్జర్ బిగించే ముందు ఇంజన్‌ను సిద్ధం చేయటం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు అడిగినప్పుడు, కథలు, కవితలు మాకు రావని చెప్పాము. "మీకు వచ్చిన పనినే పాఠంలా రాయండి, ఐ.టి.ఐ.కి వెళ్ళే పిల్లలకు పనికొస్తుంది" అన్నారు. మేమిద్దరం ఈ హాస్టల్లో ఉండి పదో తరగతి పాసై, ఐ.టి.ఐ.లో మోటార్ మెకానిక్ ట్రేడు చేసి, షార్జాలోని ఒక కార్ల గ్యారేజీలో ఎనిమిదేళ్ళు పనిచేసి వచ్చాము. అక్కడ సెలవు రోజుల్లో ఇసుక దిబ్బల మీద కార్లు నడపటం చాలామందికి సరదా. దిబ్బ ఎక్కటానికి ఇంజన్ బలం చాలటం లేదని కొందరు సూపర్‌చార్జర్ పెట్టించుకుంటారు. ఆ పనిలోనే మేము ఒకసారి రెండు నెలల జీతం పోగొట్టుకున్నాము. అది ఎందుకు పోయిందో మీకు అర్థమైతే ఈ పాఠం వచ్చినట్టే.

సూపర్‌చార్జర్ అంటే ఏమిటి?

ఇంజన్‌లో పెట్రోలు ఒక్కటే కాలదు. గాలితో కలిసి కాలుతుంది. తూకంలో 1 పాలు పెట్రోలు పూర్తిగా కాలటానికి సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. పెట్రోలు ఎక్కువ పోయటం తేలికే, గాలిని ఎక్కువ నింపటమే కష్టం. మామూలు ఇంజన్‌లో పిస్టన్ కిందికి దిగినప్పుడు బయటి గాలి తనంతట తానే లోపలికి వస్తుంది. దాన్ని నెట్టేది వాతావరణ పీడనం ఒక్కటే. సముద్రమట్టం దగ్గర అది సుమారు 1 బార్, అంటే చదరపు అంగుళానికి 14.7 పౌండ్లు. (రెండు చోట్లా 14.7 రావటం కాకతాళీయమే. పరీక్షలో కలిపేయకండి.)

కమ్మరి కొలిమిలో తిత్తి ఊదితే నిప్పు ఎలా రాజుకుంటుందో మీరు చూసే ఉంటారు. సూపర్‌చార్జర్ చేసేదీ అదే. క్రాంక్ పుల్లీ నుంచి బెల్టు ద్వారా తిరిగే గాలి పంపు ఇది. టర్బోచార్జర్ కూడా గాలినే నెడుతుంది గాని, అది సైలెన్సర్ వైపు పోయే వాయువుల వేగంతో తిరుగుతుంది.

సూపర్‌చార్జర్లలో రూట్స్, ట్విన్ స్క్రూ, సెంట్రిఫ్యూగల్ అని మూడు ముఖ్యమైన రకాలున్నాయి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఫిలాండర్, ఫ్రాన్సిస్ రూట్స్ అనే అన్నదమ్ములు 1860లో ఒక గాలి పంపుకు పేటెంటు పొందారు. అప్పటికి కార్లే లేవు. 1921లో మెర్సిడెస్ కార్లకు సూపర్‌చార్జర్ వచ్చింది. రూట్స్ సోదరుల పంపు పద్ధతి ఈనాటికీ వాడుకలో ఉంది.

వంద మంది హాస్టల్లో నూట యాభై మంది

కంపెనీ నుంచి వచ్చిన ఇంజన్‌ను, లోపల ఏమీ మార్చనిదాన్ని, మేము స్టాక్ ఇంజన్ అంటాము. దానికి 7 పౌండ్ల ఒత్తిడి, అంటే సుమారు అర బార్ అదనంగా ఇచ్చామనుకోండి. ఇంతకుముందు 1 బార్ ఉన్నచోట ఇప్పుడు 1.5 బార్ అయింది.

వంద మందికి కట్టిన హాస్టల్లో ఒక్కరోజులో నూట యాభై మందిని చేర్చినట్టు ఉంటుంది ఇది. గదుల్లో ఎలాగో పడుకోబెట్టవచ్చు. కాని బియ్యం చాలాలి, నీళ్ళ ట్యాంకు చాలాలి, మురుగు కాలువ ఆగకూడదు. ఏది ముందు చాలకపోతే అక్కడే గొడవ మొదలవుతుంది. ఇంజన్‌లో బియ్యం పెట్రోలు, నీళ్ళ ట్యాంకు రేడియేటర్, గోడలు పిస్టన్లు, రింగులు, హెడ్డు గాస్కెట్టు.

దీనికితోడు వేడి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినప్పుడు పంపు అడుగు కాలటం మీకు తెలుసు. 45 డిగ్రీల ఎండలో గాలిని 1 బార్ నుంచి 1.5 బార్‌కు నొక్కితే, ఏ నష్టమూ లేని పంపులో కూడా దాని వేడి 84 డిగ్రీల దాకా వెళుతుంది. నిజమైన పంపులో నూరు దాటుతుంది. అందుకే ఆ గాలిని చల్లబరచటానికి ఇంటర్‌కూలర్ పెడతారు.

గాలి వేడిగా ఉండి ఒత్తిడి కూడా ఎక్కువైతే, ప్లగ్గు వెలిగించాక మంట ఇంకా చేరని మూల మిశ్రమం తానే ఒక్కసారిగా అంటుకుంటుంది. దాన్నే నాకింగ్ అంటారు. బయటికి టకటకమని వినిపిస్తుంది. లోపల పిస్టన్ నెత్తిన సుత్తి పోటు పడుతున్నట్టే.

కంపెనీ వాళ్ళు ఏం చేశారు?

ఒకే రకం ఇంజన్‌ను కంపెనీ వాళ్ళే సూపర్‌చార్జర్ లేకుండా ఒకటి, దానితో ఒకటి చేసినప్పుడు ఏమి మార్చారో చూస్తే మనకు పాఠం దొరుకుతుంది.

2000 దశకం మొదట్లో వచ్చిన మినీ కూపర్ కారు ఇంజన్ 1.6 లీటర్లు, కంప్రెషన్ నిష్పత్తి 10.6:1, బలం 115 హార్స్‌పవర్. సూపర్‌చార్జర్ ఉన్న కూపర్ ఎస్ కూడా 1.6 లీటర్లే. కాని నిష్పత్తిని 8.3:1కి తగ్గించారు, ఇంజన్ పైన ఇంటర్‌కూలర్ పెట్టి బానెట్‌కు గాలి దారి ఇచ్చారు. బలం 163కు పెరిగింది. అంతకుముందు 1986లో టయోటా తన 1.6 లీటర్ల 4ఏ-జీఈ ఇంజన్‌కు సూపర్‌చార్జర్ పెట్టినప్పుడు నిష్పత్తిని 9.4 నుంచి 8.0కి దించి, పోత పిస్టన్ల బదులు సాగగొట్టిన గట్టి పిస్టన్లు వేసింది.

ఒక మోటు లెక్క చూడండి. 10.6ను 1.5తో గుణిస్తే 15.9. 8.3ను 1.5తో గుణిస్తే సుమారు 12.5. మొదటిది నాకింగ్‌ను పిలిచి తెచ్చుకోవటమే. కంపెనీలే ఇన్ని మార్పులు చేస్తే, స్టాక్ ఇంజన్‌కు కిట్టు బిగించే మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి? లోపల పిస్టన్లు మార్చనప్పుడు 5 నుంచి 7 పౌండ్లకు మించి ఆశపడకూడదు. ఆ మాత్రం కూడా ఇంజన్ ఆరోగ్యంగా ఉంటేనే.

మొదటి పని: ఇంజన్ ఆరోగ్యం చూడటం

1. కంప్రెషన్ పరీక్ష: ఇంజన్‌ను వేడి చేసి ఆపండి. ప్లగ్గులన్నీ తీయండి. పెట్రోలు, కరెంటు రాకుండా చేయండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, ఒక్కో సిలిండర్‌కు గేజి పెట్టి సెల్ఫ్ కొట్టండి. ఇంజన్ అయిదారు చుట్లు తిరిగాక అంకె రాసుకోండి. అన్నిటికంటే ఎక్కువ వచ్చినదానికి, తక్కువ వచ్చినదానికి తేడా పదో వంతు దాటితే ఆగిపోవాలి. కంపెనీ పుస్తకంలో ఇచ్చిన కనీస అంకె కూడా చూడాలి.

2. తడి పరీక్ష: తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. అంకె బాగా పెరిగితే తప్పు రింగులది. పెరగకపోతే వాల్వులదో, గాస్కెట్టుదో.

3. లీకు పరీక్ష: పిస్టన్‌ను పైకి తెచ్చి సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి ఎక్కించి వినండి. ఆయిల్ పోసే మూత దగ్గర బుస్సుమంటే రింగులు. గాలి లోపలికి వచ్చే గొట్టంలో వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. రేడియేటర్‌లో బుడగలొస్తే గాస్కెట్టు. పోయే గాలి నూటికి పదిలోపు ఉంటే మంచిది. ఇరవై దాటితే ఆ ఇంజన్‌కు సూపర్‌చార్జర్ మాట ఎత్తకూడదు.

4. పాత ప్లగ్గులు చదవటం: తీసిన ప్లగ్గులను సిలిండర్ల వరుసలోనే బల్ల మీద పేర్చండి. లేత గోధుమ రంగు ఆరోగ్యం. నూనె తడి ఉంటే ఆ సిలిండర్ ఆయిల్ తాగుతున్నట్టు.

మా జీతం పోయింది ఇక్కడే.

అది ఆరు సిలిండర్ల పెద్ద కారు. లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. వచ్చే సెలవుకు ఎడారికి పోవాలని ఓనరు తొందర. "కంప్రెషన్ చూద్దామా?" అని మాలో ఒకడు అడిగాడు. "పొగ లేదు, శబ్దం బాగుంది, ఇంకేం చూస్తావు?" అన్నాడు మేస్త్రీ. మేము ఊరుకున్నాము. కొత్త ప్లగ్గులు వేసేటప్పుడు అయిదో సిలిండర్ నుంచి తీసినది నూనెతో తడిసి ఉంది. మేమిద్దరం చూశాము. చూసి, మిగతా వాటితోపాటు డబ్బాలో పడేశాము.

మూడో రోజు కారును బండి మీద ఎక్కించి తెచ్చారు. హెడ్డు విప్పితే అయిదు పిస్టన్లు చక్కగా ఉన్నాయి. అయిదో సిలిండర్ పిస్టన్‌కు రింగుల మధ్య గట్టు విరిగి, ముక్కలు సిలిండర్ గోడను గీరేశాయి. కారణం తర్వాత అర్థమైంది. అరిగిన రింగుల పక్కనుంచి ఆయిల్ పైకి వచ్చి పెట్రోలుతో కలిస్తే, నాకింగ్‌కు తట్టుకునే గుణం తగ్గుతుంది. అదనపు గాలి లేనన్నాళ్ళు ఆ సిలిండర్ ఎలాగో నెట్టుకొచ్చింది. బరువు పెంచగానే అదే ముందు పోయింది. యజమాని మా ఇద్దరికీ చెరి రెండు నెలల జీతం కోశాడు. విసా కోసం చేసిన అప్పుకు ఆ రెండు నెలల వడ్డీ ఇక్కడ మా అమ్మానాన్నలు కూలి డబ్బులతో కట్టారు.

రెండో పని: పెట్రోలు లెక్క

గాలి పెంచి పెట్రోలు పెంచకపోతే మిశ్రమం పలచనై పిస్టన్ కరుగుతుంది. ఇంజెక్టర్ చాలుతుందో లేదో ముందే లెక్క కట్టాలి. సూపర్‌చార్జర్ ఉన్న ఇంజన్‌కు ఒక హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.6 పౌండ్ల పెట్రోలు అనుకుంటాము.

ఉదాహరణ: 4 సిలిండర్లు, 160 హార్స్‌పవర్.
160 × 0.6 = గంటకు 96 పౌండ్లు.
ఒక్కో ఇంజెక్టర్‌కు 96 ÷ 4 = 24 పౌండ్లు.
ఇంజెక్టర్‌ను నూటికి 80 వంతులకు మించి పనిచేయించకూడదు కాబట్టి 24 ÷ 0.8 = 30 పౌండ్లు.
ఒక పౌండు నిమిషానికి సుమారు 10.5 సీసీలు కాబట్టి దాదాపు 315 సీసీల ఇంజెక్టర్ కావాలి.

పెట్రోలు పంపు కూడా అంత ఇవ్వగలగాలి. ఇన్‌టేక్‌లో అర బార్ పెరిగితే పెట్రోలు ఒత్తిడి కూడా అర బార్ పెరగాలి, లేకపోతే ఇంజెక్టర్ అనుకున్నంత చిమ్మలేదు. పూర్తి బరువు మీద మిశ్రమం 11.5 నుంచి 12 మధ్య ఉండేలా వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ పెట్టి చూడాలి. మంచి ఆక్టేన్ పెట్రోలే వాడాలి. షార్జాలో 95ను స్పెషల్, 98ను సూపర్ అంటారు. మేము 98 మాత్రమే పోయించేవాళ్ళం.

మూడో పని: ప్లగ్గు, టైమింగ్, సెన్సర్

ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి వేయాలి. గ్యాపును ఫీలర్ గేజితో 0.7 లేక 0.8 మిల్లీమీటర్లకు తగ్గించాలి. ఒత్తిడి ఎక్కువైతే స్పార్క్ దూకటం కష్టం. టైమింగ్‌ను ఒక్కో పౌండుకు ఒక డిగ్రీ చొప్పున వెనక్కి తీయటం మొదలుపెట్టటానికి మంచి లెక్క. తర్వాత నాకింగ్ చూసుకుంటూ కంప్యూటర్ మ్యాపులో సరిచేయాలి. స్టాక్ కారులో ఇన్‌టేక్ ఒత్తిడి కొలిచే సెన్సర్ 1 బార్ వరకే చదివేదైతే దాన్నీ మార్చాలి. అది చదవలేని ఒత్తిడి సంగతి కంప్యూటర్‌కు తెలియదు.

నాలుగో పని: చల్లదనం, ఊపిరి, బెల్టు

రేడియేటర్ కడిగించి, మూత, థర్మోస్టాట్, గొట్టాలు, ఫ్యాను చూడాలి. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ కొత్తవి వేయాలి. క్రాంక్ కేసు గాలి ఇన్‌టేక్‌కు పోయే గొట్టంలో ఒకవైపు వాల్వు సరిగా లేకపోతే, సూపర్‌చార్జర్ గాలి వెనక్కి క్రాంక్ కేసులోకి దూరి ఆయిల్ సీళ్ళను నెట్టేస్తుంది. పుల్లీలన్నీ ఒకే గీతలో ఉన్నాయా, బెల్టు బిగువు సరిపోయిందా చూడాలి.

చట్టం మాట

ఇది చదివి మన ఊళ్ళో కార్లకు సూపర్‌చార్జర్ బిగించమని మా ఉద్దేశం కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. ఎమిరేట్స్‌లో కూడా అనుమతి లేకుండా ఇంజన్ మార్చటం నేరం.

చివరగా

ఆ తర్వాత మేము మా సొంత డబ్బుతో ఒక కంప్రెషన్ గేజి కొనుక్కున్నాము. అంకెలు కాగితం మీద రాసి, ఓనరు సంతకం తీసుకున్నాకే పని మొదలుపెట్టేవాళ్ళం. మేస్త్రీ మొదట నవ్వాడు. కొన్నాళ్ళకు తానే ఆ కాగితం అడగటం మొదలుపెట్టాడు. ఇప్పుడు మండల కేంద్రంలో మా చిన్న షెడ్డులో సూపర్‌చార్జర్లు లేవు గాని ఆ గేజి ఉంది.

తమ్ముళ్ళూ, ఆరు సిలిండర్లలో అయిదు బాగున్నాయని ఇంజన్ బాగున్నట్టు కాదు. బరువు పెంచే ముందు అన్నిటికంటే బలహీనమైనది ఏదో వెతకండి. పనిలో కొత్తవాళ్ళమని జంకి, కంటితో చూసినదాన్ని నోటితో చెప్పకుండా ఉండకండి. తడిసిన ప్లగ్గు చూపించి "అన్నా, ఇది చూడు" అంటే పోయేది ఏమీ లేదు. అనకపోతే ఏం పోతుందో మాకు తెలుసు.

ఆలోచించి జవాబులు రాయండి

1. నాలుగు సిలిండర్లలో 175, 172, 140, 174 పౌండ్లు వచ్చాయి. మూడోదానిలో ఆయిల్ పోస్తే 168 అయింది. తప్పు ఎక్కడ?
2. 200 హార్స్‌పవర్, 4 సిలిండర్ల ఇంజన్‌కు ఎన్ని సీసీల ఇంజెక్టర్ కావాలి?
3. ఎండాకాలంలో నాకింగ్ ఎందుకు ఎక్కువ?

సెలవుల్లో షెడ్డుకు వచ్చి జవాబులు చూపించండి. గేజి మీ చేతికిచ్చి పరీక్ష చేయిస్తాము. మన హాస్టల్ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

మీ అన్నలు,
పూర్వ విద్యార్థులు, మోటార్ మెకానిక్ ట్రేడు